మౌజన్ తాతకు చెప్పని మాట

నా చిన్నప్పుడు అల్లవరం దగ్గర మా ఊరి మసీదులో అజాన్ ఇచ్చే ముసలాయనను పిల్లలందరం మౌజన్ తాత అనేవాళ్ళం. నమాజుకు ఎలా నిలబడాలో మాకు నేర్పింది ఆయనే. వరుసలో మధ్య ఖాళీ ఉండకూడదనీ, పక్కన నిలబడ్డవాడు ఎవడన్నది చూడకూడదనీ చెప్పేవాడు.

కువైట్‌లో పనిచేసే ఒకాయన మసీదుకు కొత్త మైకు కొనిచ్చారు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేరనుకుని లోపలికి దూరి, అందులో నా గొంతు వినాలన్న ఆశతో దాన్ని చేతిలోకి తీసుకున్నాను. జారి గచ్చు మీద పడి పగిలిపోయింది. వెనక్కి తిరిగితే గుమ్మంలో తాత నన్నే చూస్తున్నాడు. పారిపోయాను.

సాయంత్రం పెద్దలు అడిగితే ఆయన నా పేరు చెప్పలేదు. చేతులు వణికే మనిషి కదా, తనే పడేసి ఉంటాడని అందరూ అనుకున్నారు.

"పెద్దోరైపోయేరు, ఇంక అజాన్ వేరేవాళ్ళు ఇస్తార్లెండి" అన్నారు.

"ఆయ్, అలాగేనండీ" అన్నాడు తాత.

మా నాన్నగారి వెనకే నిలబడి అంతా విన్నాను. నోరు విప్పలేదు.

తరువాతి శుక్రవారం జుమ్మా నమాజులో ఆయనకు దూరంగా, చివర నిలబడ్డాను. ఆయనే వచ్చి నా పక్కన చేరి, "దగ్గరికి జరుగు నాయనా" అన్నాడు. అప్పుడైనా చెప్పవలసింది. రేపు చెబుదాంలే అనుకున్నాను. అలా ఎన్నో రేపులు గడిచాయి.

వానలు మొదలుకాక ముందే తాత పోయాడు. ఖననానికి ముందు చేసే జనాజా నమాజుకు అందరం నిలబడ్డాక ఆయన కొడుకు వరుసల వైపు తిరిగి, "మా నాన్న ఎవర్నైనా నొప్పించుంటే మాఫ్ చెయ్యండి బాబూ" అని ఏడ్చాడు. "మాఫ్ చేసేం" అన్నారు అందరూ. నేను ఊరుకుంటే మా నాన్నగారు వీపు మీద చెయ్యి వేసి, "నువ్వూ అనరా" అన్నారు.

అన్నాను. నన్ను మాఫ్ చేయవలసిన మనిషి ఎదురుగా తెల్లగుడ్డలో ఉండగా, నేను ఆయనను మాఫ్ చేశానని అన్నాను.

ఆ కొడుకుకైనా నిజం చెప్పలేకపోయాను. ఆయన కూడా పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరినైనా నొప్పిస్తే ఆ పూటే వెళ్ళి మన్నించమని అడుగుతాను. మంచి గుణం అంటారు చూసినవాళ్ళు. భయమని నాకు తెలుసు. ఏ జనాజాలో నిలబడ్డా "మాఫ్ చేసేం" అన్న ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ నా నోట రాదు.