గురకే గొప్ప అనుకున్న ఇల్లు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మా అత్తగారింటి గొప్ప ఒకటి చెప్తా, వినండి. గుడియాతం పక్కన మా వాళ్లకి భూమి ఉండాది, బావి ఉండాది, వాటన్నిటికంటే పెద్ద గురక ఉండాది. మగోడు గురక పెడితే ఇంట్లో వడ్లు నిండినట్టేనని మా బావగారి లెక్క. మా ఆయనకి అన్న ఆయన. తమ్ముడు గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి, మళ్లీ ఎగదీసుకుంటా ఉంటే, అది రాజసమని మీసం దువ్వుకునేవాడు.

ఆ రాజసం ఎంతదాకా పోయిందంటే, మా ఆయన రాత్రి నిద్ర చాలక మోర్ధానా రోడ్డులో పట్టపగలు ట్రాక్టరు తోలతా కునికి, కాలవ గట్టు మీదికి ఎక్కించినాడు. ఇంకొంచెం పోయుంటే మనిషి దక్కడు. వేలూరు ఆస్పత్రికి లాక్కపోయినా.

డాక్టరమ్మ గొంతుకి స్కానింగు తీయించింది. మెలకువలో గాలి పోయే దారి బాగానే ఉండాది, నిద్రలో ఏమవుతుందో చూడాల అనింది. మందిచ్చి నిద్రపుచ్చి, ముక్కులోనించి సన్న కెమెరా గొట్టం దింపి చూస్తారంట. ఆ పొద్దు పచ్చి నీళ్లు కూడా ముట్టకూడదని గట్టిగా చెప్పింది.

ముట్టకుండా ఉంటారా? మా వాళ్లు ముఖ్యమైన పనికి పోయేవాళ్లని పెరుగన్నం పెట్టందే గడప దాటనీరు. నేను నీళ్లు పోసుకొని వచ్చేలోపల బావగారు తినిపించేసినాడు. పోనీ ఆస్పత్రిలో నర్సమ్మ దగ్గర దాచినాడా, అదీ లేదు. కడుపు మాడ్చుకొని వచ్చేది దిక్కులేనోళ్లని ఆమెకే బుద్ధి చెప్పినాడు. మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే మోసమని చెప్పి, ఆమె మమ్మల్ని ఇంటికి పంపేసింది. దారి పొడుగునా ఆస్పత్రినే తిట్టినాడు మహానుభావుడు.

రెండోసారి మా ఆయన్ని వేలూరు తొరపాడిలో మా చెల్లెలింట్లో పెట్టుకొని, కాపలా కాసి తీసుకపోయినా. బావగారు ఎనకాలే దిగినాడు. పరీక్ష అయినాక డాక్టరమ్మ ఆ వీడియో టీవీలో మాకు చూపించింది. నాలుక మొదలు ఎనక్కి జారతాది, గొంతు గోడలు తడిగుడ్డ మాదిరి అతుక్కుంటాయి, గాలికి సందే లేదు. నా మనిషి దినామూ పండుకొని ఇట్ల చచ్చి బతుకుతా ఉన్నాడని కండ్లారా చూసినా.

"మా వంశంలో అందరి గొంతూ ఇంతేమ్మా," అన్నాడు బావగారు, నగ చూపించినట్టు. డాక్టరమ్మ ముక్కుకి మాస్కు పెట్టి గాలి ఊదే మిషను వాడమంటే, ఏనుగు తొండం తగిలించుకొని పండుకుంటే ఊర్లో తలెత్తుకోలేమన్నాడు.

మా ఆయన ఆ టీవీ మీదనించి చూపు తిప్పలేదు.

"తల నువ్వే ఎత్తుకో అన్నా. నాకు ఊపిరి కావాల."

మిషను ఒడిలో పెట్టుకొని బస్సెక్కినాడు. బావగారు గుడియాతం దాకా కిటికీలోనించి బయటికి చూస్తా కూర్చున్నాడు.

మీ ఇంట్లో పండుకున్న వాళ్లంతా హాయిగా ఊపిరి తీసుకొని తెల్లారి నవ్వుతా లేవాల, మీ గడప చల్లగా ఉండాల తల్లీ.