కాల్చిన మామిడికాయ... తినడానికా, రాసుకోవడానికా?

మా చిన్నప్పుడు... ఉత్తరాదిన బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లలో ఎండలు ముదిరాయంటే పొద్దెక్కకుండానే తలుపులన్నీ మూసేసేవారు. బయట లూ! అదే, మన వడగాలి... కాకపోతే మన కోస్తా ఎండలా చెమట పట్టించదు. ఒంట్లో నీరంతా పీల్చేసి వదిలేస్తుంది.

ఇంట్లో చలువకి మాత్రం ఏం తక్కువ లేదు లెండి! కిటికీకి తడిపిన గోనెపట్టా... మాడుకు ఆముదం... అరికాళ్ళకు గోరింటాకు... నిక్కరు జేబులో ఉల్లిపాయ. సాయంత్రానికి ఉల్లిపాయ వాడిపోయేది, మేము మాత్రం వాడేవాళ్ళం కాదు!

వీటన్నిటికీ పైన మా నానమ్మ తరవాణి కుండ. గంజీ నీళ్ళూ పోసి పులియబెట్టి, ఆ పుల్లనీళ్ళలో రాత్రి అన్నం వేసి ఉంచేది. పొద్దున్న అదే మా టిఫిను. ఆ కుండను టెక్కలి నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది... మమ్మల్ని కూడా అంత భద్రంగా పట్టుకుని ఉండదు!

మా నాన్న బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్. బయట ఎండ, ఎదురుగా నిప్పుల భట్టీ. ఒక వేసవిలో డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలోనే కూలబడిపోయారు. వడదెబ్బ. ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, భయం లేదని ఇంటికి పంపారు.

కానీ ఇంటికొచ్చాక మనిషి ముద్ద ముట్టలేదు. ఏది పెట్టినా మొహం పక్కకు తిప్పేసేవారు. అంతటి మనిషీ మంచానికి అతుక్కుపోయారు. "ఒక్క ముద్ద లోపలికి వెళ్తే చాలు..." అంటూ అమ్మ వంటగదిలో కళ్ళు తుడుచుకునేది.

పక్క క్వార్టరులో ఛప్రా నుంచి వచ్చిన హిందీ ఆవిడ ఉండేది, మాకు చాచీ, అంటే పిన్ని. సంగతి తెలిసి, పచ్చి మామిడికాయలు బొగ్గుల మీద కాల్చి, గుజ్జు తీసి, ఇత్తడి గిన్నెలో తెచ్చి నానమ్మ చేతికిచ్చింది. పొయ్యి మీద ఏదో మాడుతోందని అప్పుడే పరుగెత్తింది. గుజ్జు దేనికో చెప్పలేదు. చెప్పడానికేముంది... వాళ్ళ వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మా నానమ్మకీ తెలుసు మరి! కాల్చిన మామిడికాయంటే పచ్చడే కదా! ఉప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, ఇంగువ పోపు... ఇల్లంతా ఘుమఘుమ. తరవాణి అన్నంతో పాటు నాన్న ముందు పెట్టింది.

నాన్న వేలితో కాస్త తీసి నాలుకకి రాసుకున్నారు. ఒక ముద్ద కలిపారు. ఇంకో ముద్ద...

"ఏటమ్మా ఇది? ఇంకొంచెం ఎయ్యి!"

అమ్మ గరిటె నిండా తెచ్చి వేసింది.

కాసేపటికి చాచీ వచ్చింది. "లగాయా, అమ్మాజీ?" రాశారా అని. నానమ్మకు హిందీ రాదు. ఖాళీ గిన్నె చూపించి మురిసిపోతూ, "తినీసినాడమ్మా! నాకీసినాడు! శానా బాగున్నాది!" అంది.

గిన్నె చూసి చాచీ నోరు తెరిచింది. "హాయ్ రామ్! ఖా గయే? వో తో తలువే మే లగానే కా థా!"

అరికాళ్ళకు రాయాల్సిందట! అమ్మ నవ్వాపుకుంటూ నానమ్మకు తెలుగులో చెప్పింది. నానమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! మావిడికాయ కాళ్ళకి రాత్తారేటే? మిరపకాయలు కూడా ఏసీసినాను... రాసుంతే ఆడు మంచం దిగి టేసన్‌కి పరిగెట్టీసును!"

మంచం మీద నాన్న పకపకా నవ్వారు. జబ్బు పడ్డాక అదే మొదటి నవ్వు.

చాచీ మళ్ళీ కాయలు కాల్చి తెచ్చి, ఈసారి ఎదురుగా నిలబడి మరీ అమ్మ చేత రాయించింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని నానమ్మ అందులో పచ్చడి పెట్టి పంపింది.

నాన్న కోలుకుని డ్యూటీకి వెళ్ళారు. పచ్చడి వల్లేనని నానమ్మ, పూత వల్లేనని చాచీ... ప్రతి వేసవీ ఇదే వాదన! సెలైను పెట్టిన డాక్టరు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

నిన్న మా ఊళ్ళోనే జుగ్సలాయి బజారు నుంచి ఎండలో వచ్చి సోఫాలో వాలిపోయాను. మా అమ్మాయి ఏసీ వేసి వెళ్ళిపోయింది. తెలుగులో పిలిస్తే హిందీలో పలికే పిల్ల, దానికి ఇవన్నీ ఏం పడతాయిలే అనుకున్నాను. ఇంతలో వంటగదిలోంచి మామిడి తొక్క కాలుతున్న వాసన! గిన్నెతో వచ్చి నిలబడింది.

"పాపా, ఖానా హై కి లగానా హై?"

తింటావా, రాసుకుంటావా నాన్నా అని! ఎప్పుడో చెప్పిన కథ... గుర్తు పెట్టుకుంది నా బంగారుతల్లి! నా ఆనందం ఏమని చెప్పను! "రెండూనమ్మా!" అన్నాను.

తిన్నాక గిన్నె కడిగి మా అల్మారాలోనే పెట్టేసింది. పచ్చడి పెట్టి పంపుదామంటే, పక్క ఫ్లాటు వాళ్ళది ఏ ఊరో కూడా మాకు తెలియదు మరి...

ఇంతకీ మీ ఇళ్ళల్లో కాల్చిన మామిడికాయ తినేవారా... రాసుకునేవారా?