మిర్చి కాదు, గోనెసంచుల బూజు

ఇది రాయకపోతే మా మార్కెట్లో ముక్కు మూసుకుపోయిన ప్రతి మనిషికీ ఇంకా "మిర్చి ఘాటు" అనే చెబుతారు. నాకూ అదే చెప్పారు. నేను ఒప్పుకోలేదు.

మహబూబాబాద్‌లో ఒక మిర్చి వ్యాపారి గోదాములో చిరిగిన గోనెసంచులు కుట్టేదాన్ని. ఏళ్ల తరబడి నుదుటి నొప్పి, ముక్కుకు రెండువైపులా మూత. కూర మాడినా వాసన తెలిసేది కాదు. ఒకరోజు సేటు తేల్చి చెప్పాడు.

"ఘాటు పడనోళ్లకు ఈడ పనేంది బిడ్డా? కార్తీక పున్నం దాక చూస్త. తగ్గకుంటే వేరే పని చూసుకో."

నా బడి జనగామలో ఏడో తరగతితో ఆగింది. మిగతా చదువంతా గ్రంథాలయాల్లోనే. సైనస్ వాపు చాలాకాలంగా ఉన్నవాళ్లలో కొందరికి తడికి పట్టే బూజు పడదని అక్కడే ఒక ఆరోగ్య పుస్తకంలో చదివాను. ఆలోచించాను. మిర్చి వచ్చేది ఎండాకాలం. నా ముక్కు ఎక్కువగా మూసుకునేది వానాకాలం.

అంతలో తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. మార్కెట్ మూసేశారు. బస్సులు ఆగకముందే భూపాలపల్లిలో అక్క దగ్గరికి వెళ్లిపోయాను. బావ బొగ్గుబాయి కార్మికుడు, ఆయనా సమ్మెలోనే ఉన్నాడు. కొన్ని వారాల తర్వాత సమ్మెవాళ్లు నిరసనగా రోడ్డు మీదే వండి తినే వంటావార్పు పెట్టారు. ఎండుమిర్చి పోపుకు అందరమూ దగ్గాము. నా ముక్కు మాత్రం మూసుకోలేదు.

"అక్కా, ఉల్లిగడ్డ మాడుతున్నది," అన్నాను.

అక్క గరిటె ఆపి నా మొహం చూసింది. "నీకెట్ల ఎరుకైందే?"

సమ్మె ముగిశాక గోదాము తెరిచాము. తడిగోడకు ఆనించిన సంచుల మీద తెల్లగా, పచ్చగా బూజు. మధ్యాహ్నానికల్లా ముక్కు మూసుకుపోయింది. వెళ్లి సేటు ముందు నిలబడ్డాను.

"మిర్చి కాదు సేటు. గీ బూజు. సంచులు ఎండలెయ్యాలె, గోడ బాగుచెయ్యాలె."

"నువ్వెప్పుడు డాక్టరయినవు?"

"కాలే. చదివిన."

పక్కనే ఉన్న హమాలీ అన్న నవ్వాడు. "రాష్ట్రం అడుగుడు అయింది, ఇగ ఎండ అడుగుతున్నవా చెల్లే?"

"రెండూ కావాలె. గిట్ల చేసినా తగ్గకుంటే పున్నం నాడు నేనే పోత."

ఆ తర్వాత వరంగల్ వెళ్తే, ఏది పడదో తేల్చడానికి డాక్టరు నా చేతి మీద దుమ్ము, బూజు లాంటివాటి చుక్కలు వేసి, సూదితో గుచ్చి పరీక్ష చేశాడు. బూజు చుక్క పడిన చోటే దద్దు లేచింది. ఆ కాగితం తెచ్చి సేటు బల్ల మీద పెట్టాను. సంచులు ఎండలో వేశారు, గోడ బాగుచేశారు. పున్నమి వచ్చింది, నేను పోలేదు. జబ్బు పూర్తిగా పోలేదు. మందు, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడం నేటికీ తప్పవు. కానీ కూర మాడితే ఇప్పుడు ముందు నాకే తెలుస్తుంది.

పుస్తకం వెతికిచ్చిన గ్రంథాలయం అన్నకు, అన్నం పెట్టిన అక్కకు, బావకు, గోడకు సున్నం వేయించిన సేటుకు నా దండాలు. హమాలీ అన్నకు ఇంకొకటి ఎక్కువ. మొదట నవ్వింది ఆయనే అయినా, మొదటి సంచి ఎండలోకి మోసిందీ ఆయనే. ఆ గోదాము గుమ్మంలో, వెలుతురులో కూర్చుని ఇప్పటికీ నేనే సంచులు కుడుతున్నాను.