ఎద్దు తన్నని కాలు

గుచ్చి నేర్చుకోవడానికి రెండు నారింజలు, మూడు వంకాయలు పాడయ్యాక, ఆగస్టు పదమూడో తేదీ పొద్దున ఆరింటికి, మా ఇంటిది చెల్లమ్మాళ్ మనవరాలు బృంద తొడకు సూది వేసింది. పిల్ల ఏడవలేదు. చెల్లమ్మాళ్‌కు అరవై మూడేళ్లు. బడి గడప తొక్కలేదు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పుల్లలు పేర్చింది. ఆ చేతికి సూది కూడా ఒక పుల్లే.

నా ఘనత కూడా చెప్పాలిగా. నాగలాపురం బడిలో అయిదో తరగతి దాకా నేనే ఫస్టు. పంచాయతీ మెంబరుగా రెండుసార్లు గెలిచాను. మా ఊరి నల్లరేగడిలో మొదటి బోరు వేయించింది నేనే. నీళ్లు పడలేదు, అది వేరే సంగతి. వీటన్నిటికన్నా పెద్దది నా ఎడమకాలు. అది ఎప్పుడూ కాస్త వాచే ఉంటుంది. ఎద్దులను పట్టే మంజువిరట్టులో మూపురం పట్టబోతే ఎద్దు తన్నిందని ఇరవై ఏళ్లుగా చెబుతూ వచ్చాను. అడిగినవాళ్లకు ఎద్దు రంగు కూడా చెప్పేవాణ్ణి.

జూలై చివర నాలుగేళ్ల బృందకు ఊపిరితిత్తి పక్కన చీము పట్టింది. విరుదునగర్‌లో ఆసుపత్రిలో చేర్చాం. చేతి నరాలు దొరక్క, మందులు ఎక్కించడానికి మెడ దగ్గర పెద్ద నరంలో సన్నని గొట్టం పెట్టారు. చీము తగ్గింది గానీ, వారానికి మెడా చెయ్యీ వాచాయి. గొట్టం చుట్టూ నెత్తురు గడ్డకట్టిందన్నారు.

డాక్టరమ్మ జోతి మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది. "గొట్టం పెట్టిన పిల్లలకు ఒక్కోసారి ఇలా అవుతుంది. కొన్ని ఇళ్లలో ఈ గుణం వంశంలోనే ఉంటుంది. మీలో ఎవరికైనా నెత్తురు గడ్డకట్టిందా? చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లున్నారా? తెలిస్తే పిల్లకు మందు ఎన్నాళ్లో తేల్చుకోవచ్చు."

నేను మీసం దువ్వాను. "మా వంశంలో రోగమనేదే లేదమ్మా."

"కాలు సంగతి సెప్పు బావా," అంది చెల్లమ్మాళ్.

"అది ఎద్దు..."

"ఎద్దూ లేదు, దూడా లేదు!" అంటూ కొడుకూ కోడలూ చూస్తుండగానే నా వేష్టి మోకాలిదాకా ఎత్తేసింది. "సూడమ్మా. హెరనియా ఆపరేసనై మంచాన ఉండేటప్పుడు వాసినాది. నెత్తురు గడ్డ అని అప్పుడే సెప్పినారు. ఆరు నెలలు మాత్తర మింగినాడు. ఈయన తమ్ముడు ముప్పై ఆరేళ్లకే ఊపిరాడక పాయె. దానికి దిష్టి అని పేరు పెట్టినారు."

"ఊళ్లో తెలిస్తే పరువు..." అని గొణిగాను.

"పిల్ల పోతే పరువును ఉయ్యాల్లో ఏసి ఊపుతావా?"

డాక్టరమ్మ నా కాలివైపు వంగి చూసి, "తాతా, ఇంతసేపూ నేనడిగింది దీన్నే," అంది.

నాకూ, నా కొడుకు హరికృష్ణన్‌కూ పరీక్ష చేశారు. నెత్తురు ఊరికే గడ్డకట్టకుండా ఆపే సరుకొకటి ఇద్దరికీ తక్కువగా ఉంది. గడ్డ కొత్తగా ఉన్నప్పుడు పరీక్ష సరిగా తేలదు కాబట్టి బృందకు తర్వాత చూస్తామన్నారు. అందాకా మూడు నెలలు, గడ్డ పెరగకుండా పొద్దునా సాయంత్రమూ ఇంట్లోనే సూది.

ఎవరు వెయ్యాలి? కోడలు ప్రియా సూదిని చూస్తేనే ఏడుస్తుంది. "నేనున్నాను," అని ముందుకొచ్చాను. నర్సు మారిసెల్వి నారింజా సూదీ చేతికిచ్చింది. కళ్లు తెరిచేసరికి బెంచీ మీద ఉన్నాను. మారిసెల్వి అట్టముక్కతో విసురుతోంది. "తాతా, నారింజకు ఏమీ కాలేదు, భయపడొద్దు," అంది. సూది అప్పటికే చెల్లమ్మాళ్ చేతికి మారిపోయింది.

మూడు నెలల్లో ఆమె ఒక్క పూట తప్పలేదు. నా పని మంచు డబ్బాలో మందు పెట్టడం, గడియారం చూడడం. రెండుసార్లు టైము తప్పు చెప్పి తిట్లు తిన్నాను. టీకొట్లో తంగపాండి, "మామా, ఎద్దుకు కొమ్ములన్నా ఉన్నాయా?" అని అడుగుతాడు. నవ్వితే నవ్వనీ. కాలు సంగతి బయటపడ్డాకే తమ్ముడి కొడుకు ఈశ్వరన్ వెళ్లి పరీక్ష చేయించుకున్నాడు.

నిన్న పిల్లనూ కోడలినీ తీసుకుని చెల్లమ్మాళ్ విరుదునగర్ వెళ్లింది. స్కాన్ తీస్తారు, సూది ఆపి నెత్తురు మళ్లీ చూస్తారు. ఇక సూది వద్దా, ఇంకా కావాలా అన్నది అక్కడే తేలుతుంది. నేనూ వస్తానన్నాను. "ఆడ పిల్లను సూడాలా, నిన్ను సూడాలా? ఇంట్లో ఉండు," అంది. ఉన్నాను. వాళ్లు తిరిగొచ్చేది నవంబరు 14, శుక్రవారం.