నాలుక తిరగని మాట

నందిగామలో మా గుడి తరఫున ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలమ్మగారు ఒకరుండేవారు. నడివయసులో అక్షరాలు నేర్చుకున్నారు. ఆమె నోట ‘క్ష’ పలికేది కాదు. ప్రార్థనలో కళ్లు గట్టిగా మూసుకుని “చమించు తండ్రీ” అనేవారు.

అవి పందొమ్మిది వందల యాభైల చివరి రోజులు. గ్రంథాలయంలో నిఘంటువు సైతం చదివానన్న గర్వం నాది. ఒక ఆదివారం ఆమె ప్రార్థన మధ్యలోనే, “చమించు కాదండీ, క్షమించు!” అన్నాను. అందరూ నవ్వారు. ఆమె ఆమెన్ చెప్పకుండానే కూర్చుండిపోయారు.

శనివారం మా ఇంటికి వచ్చారు. మర్నాడు ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఎవరి మీదా కోపం ఉంచుకుని ఆమె బల్ల తీసుకునేవారు కాదు.

“అబ్బాయ్, ఆ రోజు నీ మీద మా చెడ్డ కోపం వచ్చింది. నన్ను చమించు నాయనా.”

“మళ్లీ అదే తప్పండీ!” అన్నాను.

“నాలిక తిరగట్లా. మనసు తిరిగిందిగా, చాల్లే!” అని నవ్వుతూ వెళ్లిపోయారు.

అడగాల్సింది నేనని తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది. తెలిశాక, జగ్గయ్యపేటలో ఆమె కూతురింటికి వెళ్లాను. అప్పటికి ఆమె పోయి నెలయిందట.

నా పేరు వినగానే కూతురు పీట వేసింది. “మీరేనా అండీ! తనకు అక్షరం దిద్దిన అబ్బాయని మా అమ్మ అందరికీ చెప్పుకునేదండి.”

నేను ఆమెను నవ్వులపాలు చేసిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. దాన్ని ఎరిగి, పోనీలే అనగల మనిషి కోసం నేనింకా వెతుక్కుంటూనే ఉన్నాను.