సముద్రపు ఇసుక

కోట ఊళ్ళో నెల్లూరు బస్సెక్కి ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. ఆమె ఒడిలో తువ్వాలు మూట ఉంది. ముందు సీట్లో ఆమె భర్త తలకు కట్టుతో కిటికీకి ఆనుకుని ఉన్నాడు.

"ఏమైందమ్మా ఆయనకి?" అని అడిగాను.

"నిద్రలో ఉంటే స్లాబు పెచ్చు ఊడి పడింది నాయనా. ఇద్దరం టీచర్లుగా రిటైరై ఆశగా కట్టించుకున్న ఇల్లు. రెండు వానాకాలాలకే ఇట్టయింది."

ఆమె మూట విప్పి ఆ పెచ్చు నా చేతిలో పెట్టింది.

"నలిపి చూడు."

సిమెంటు ఏం నలుగుతుందిలే అనుకుంటూ వేళ్ళతో నొక్కాను. బిస్కెట్టులా పొడైపోయింది. ఆ పొడి నిండా ఆల్చిప్పల ముక్కలే.

"సముద్రపు ఇసుక. ఏటి ఇసుకని చెప్పి కాంట్రాక్టరు ఇదే పోసినాడు. ఉప్పుకి కమ్మీలన్నీ తుప్పు పట్టిపోయినాయి."

"కేసు పెట్టడానికి పోతున్నారా?"

"మా ఇంటి సంగతి తర్వాత. కలెక్టరాఫీసుకి పోతా ఉండాం." ఆమె కిటికీలోంచి చూపించింది. "అదిగో, మేం పనిచేసిన బడి. ఆ కొత్త గదులు కట్టింది కూడా ఆ కాంట్రాక్టరే."

అప్పుడే గంట కొట్టినట్టున్నారు. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఆ గదుల్లోకి పరిగెత్తుతున్నారు.

కొన్నాళ్ళకు అదే దారిలో వెళుతూ, ఆ బడి దగ్గర సీట్లోంచి లేచి మరీ చూశాను. కొత్త గదులకు తాళాలు వేసి ఉన్నాయి. పిల్లలు బయట వేపచెట్ల నీడలో కూర్చుని గట్టిగా ఎక్కాలు చదువుతున్నారు.