వండూర్ వేసిన ఓటు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలో ఆపి, అప్పుడు దీపం ఏ మూల ఉంది, మీకు కళ్లజోడు ఉందా, మీరు స్వయంగా చూశారా లేక ఎవరైనా చెప్పారా అని అడిగే మనిషిని నేను. మా బంధువులు నా ముందు అలాంటి కథలు చెప్పడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి రావడం నాకేమీ ఇష్టంగా లేదు. జరిగింది జరిగిన వరసలో రాస్తాను. నమ్మమని అడగను.

నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపల వ్యాపారి. నేను ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత ఒక ట్రస్టు ఆస్పత్రివాళ్లు సలహాకి పిలిచారు. వాళ్ల పెద్ద ఆస్పత్రి పోర్ట్ బ్లెయిర్‌లో, డయాలిసిస్ వార్డు చౌల్దారీలో ఉన్నాయి. రోగుల రికార్డులన్నీ చెన్నైలో ఎక్కడో ఉండేవి. సముద్రంలో కేబుల్‌కి ఏదైనా అయితే ఇక్కడ నర్సులకి ఏమీ కనబడేది కాదు. ఎవరి బరువెంత, ఎవరికి రక్తం పలచబడే మందు ఎంత ఇవ్వాలి, ఎవరికి ఏ మందు పడదు అన్నది తెలియకుండా మెషీన్ నడపకూడదు. రోగుల్ని మధ్యలో లేపి ఇంటికి పంపేవారు. వాళ్లు కాళ్లు ఉబ్బి, ఆయాసంతో మళ్లీ వచ్చేవారు.

రికార్డులు దీవిలోనే ఉంచుదామని పట్టుబట్టింది నేనే. రికార్డులు దాచే యంత్రాలు, అంటే స్టోరేజీలు, రెండు: ఒకటి పోర్ట్ బ్లెయిర్‌లో, ఒకటి చౌల్దారీలో. ఒకదాంట్లో రాసింది ఆ క్షణమే రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి చచ్చినా రెండోది నడిపిస్తుంది.

చిక్కంతా ఆ రెంటి మధ్య తీగ తెగినప్పుడు వస్తుంది. అప్పుడు రెండూ బతికే ఉంటాయి, కానీ ప్రతిదీ అవతలిది చచ్చిందనుకుంటుంది. రెండూ నడిస్తే ఒకే రోగికి రెండు రికార్డులు తయారవుతాయి, ఏది నిజమో తర్వాత ఎవరూ చెప్పలేరు. అందుకని ఇంకోచోట ఒక మూడో పెట్టె పెట్టాలి. తీగ తెగగానే రెండూ వేరే దారిలో దాన్ని అడుగుతాయి. అది ఒక్కదానికే 'నువ్వు నడువు' అని ఓటు వేస్తుంది. జవాబు రానిది ఆగిపోవాలి. ఎవరికీ జవాబు రాకపోతే రెండూ ఆగిపోవాలి.

ట్రస్టు కార్యదర్శి దాసుగారికి ఈ మూడో పెట్టె అస్సలు నచ్చలేదు.

"పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రి మేడ మీద పెట్టెయ్యండి మేడమ్. గది ఖాళీగానే ఉంది కదా" అన్నారు.

"దాసుగారూ, మా జంగ్లీఘాట్ ఒడ్డున వల నాదంటే నాదని రెండు పడవలవాళ్లు కొట్టుకుంటే మూడో పడవవాడి మాట తీసుకుంటారు. ఆ మూడోవాడు ఆ పూట ఇద్దరిలో ఎవరింట్లోనూ అన్నం తిని ఉండకూడదు. మీరు సాక్షిని తీసుకెళ్లి ఒకరి వంటింట్లో కూర్చోబెట్టమంటున్నారు."

"సరే, మీ ఇష్టం. కానీ ఈ వానాకాలంలో ఒక్కసారి వార్డు ఆగిందంటే, రికార్డులన్నీ మళ్లీ చెన్నైకే. మీకు ఒక శాలువా కప్పి పంపించేస్తాం."

మూడో పెట్టెకి సముద్రపు ఒడ్డునున్న వండూర్ ఊరు ఎంచుకున్నాం. అక్కడ ఒక టూరు బోట్ల యజమాని టికెట్ల గది ఉంది. దాని కప్పు మీద రెండు వైర్‌లెస్ డిష్‌లు పెట్టి, ఒకటి పోర్ట్ బ్లెయిర్ వైపు, ఒకటి చౌల్దారీ వైపు తిప్పాం. పెట్టె టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. అది ఇచ్చే ప్రతి జవాబుకీ ఒక రహస్య సంతకం ఉంటుంది, దాన్ని తయారుచేసే తాళం, అంటే ఒక పొడవాటి అంకెల వరస, ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ తాళం నేనే చేయించాను, నకలు ఉంచుకోలేదు. పోర్ట్ బ్లెయిర్ పెద్ద ఆస్పత్రి కాబట్టి ముందు అడిగే హక్కు దానికి ఇచ్చాం. చౌల్దారీ కొంచెం ఆగి అడుగుతుంది.

ఆ వానాకాలం మొదట్లో వండూర్ పెట్టె బ్యాటరీ ఉప్పుగాలికి ఉబ్బిపోయింది. నేనే వెళ్లి ఊడదీసి తెచ్చేశాను. కొత్తది చెన్నై నుంచి ఓడలో రావాలి. తుఫాను హెచ్చరికతో ఓడ అక్కడే ఆగిపోయింది. అప్పటిదాకా పెట్టె ఒట్టి కరెంటు మీద నడుస్తోంది.

తుఫాను వచ్చిన రోజు మధ్యాహ్నం నేను చౌల్దారీలో ఉన్నాను. వార్డు పక్క గదిలో సుజాత, నేను స్క్రీన్ ముందు కూర్చున్నాం. సుజాత ఆస్పత్రి కంప్యూటర్లు చూసుకునే ఇంజనీరు, ఇక్కడే పుట్టిన పిల్ల. జనరేటర్ నడుస్తోంది. వార్డులో మంచాలన్నీ నిండి ఉన్నాయి.

అప్పుడు వండూర్ టికెట్ల గది కాపలాదారు ఎర్రయ్య ఫోన్ చేశాడు. మంచి వార్త చెబుతున్నట్టు గొంతు హుషారుగా ఉంది.

"దీదీ, ఫికర్ పడకండి. లాల్ జెండా ఎగరేసినారు, బోట్లు బంద్. కరెంటు మెయిన్ దించీసి ఇంటికొచ్చీసినాను. మీ డబ్బా కూడా పడుకుంది. పిడుగు పడినా దానికేటీ అవ్వదు."

"ఎర్రయ్యా, అది పడుకోకూడదయ్యా! దాన్ని అక్కడ పెట్టిందే ఇలాంటి రోజు కోసం!"

"మరి ముందే సెప్పాలి గదా దీదీ! గాలీవానలో మెయిన్ ఎత్తి ఉంచే పాగల్ ఈ ఒడ్డున ఎవుడున్నాడు?"

అతని మాట నిజం. ఆ ఒడ్డున ఎర్రజెండా లేస్తే మెయిన్ దించి ఇంటికి పోవడం తలుపు వేసుకున్నంత మామూలు. మేము చూడటానికి వెళ్లినప్పుడల్లా ఎండ కాస్తూ ఉండేది. తలుపు వేస్తామని ఎవరూ ఎవరికీ ప్రత్యేకంగా చెప్పరు కదా.

"ఎల్లి ఎత్తీమంటే ఎత్తేస్తాను గానీ, దార్లో కొబ్బరిచెట్టు అడ్డంగా పడిపోనాది" అన్నాడు.

"వద్దు. నువ్వు గడప దాటకు" అన్నాను.

ఆ ఫోన్ పెట్టేసిన కాసేపటికే తీగ తెగింది. రెండు ఆస్పత్రుల మధ్య దారిలో, గారచర్మ దగ్గర చెట్టు పడిందని తర్వాత తెలిసింది. స్క్రీన్ మీద ఎర్ర వరస వచ్చింది: అవతలి స్టోరేజీ కనబడటం లేదు. దాని కింద ఇంకోటి: వండూర్‌ని అడుగుతున్నాను.

సుజాత నా చెయ్యి పట్టుకుంది. "మేడమ్, ఫోర్స్ కర్ దేఁ క్యా? ఒక్క కమాండ్ కొడితే మనది నడుస్తుంది."

"పోర్ట్ బ్లెయిర్ ఆగిపోయిందని నీకు తెలుసా?"

"ఫోన్ హీ నహీ లగ్ రహా... అక్కడ ఎవరూ దొరకడం లేదు."

"తెలియనప్పుడు కొట్టకు. రెండు రికార్డులు పుట్టించడం కంటే నేను శాలువా కప్పుకుని ఇంటికి పోవడం నయం."

నాకు తెలిసినంతలో ఇక జరగబోయేది ఒక్కటే. వండూర్ చచ్చి ఉంది, జవాబు రాదు, రెండూ ఆగిపోతాయి. గోడ అవతల నర్సులు రోగుల్ని లేపడం మొదలుపెడతారు. మూడో వరస రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నా జీవితంలో నేను లెక్కపెట్టని కొద్ది విషయాల్లో అదొకటి.

వచ్చింది. పచ్చరంగులో వచ్చింది: వండూర్ ఒప్పుకుంది, నేను నడుస్తున్నాను.

సుజాత స్క్రీన్‌కి ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్లి చదివింది. నేను లేచి వార్డులోకి పరుగెత్తాను. ఈ వయసులో అది పరుగనే అనాలి. స్క్రీన్లన్నీ వెలుగుతున్నాయి. రంగత్ నుంచి బస్సులో వచ్చే రిటైర్డు మాస్టారు తన మంచం పక్క స్క్రీన్ చూస్తూ ముఖం చిట్లించారు.

"ఇంత గాలీవానలో కూడా మీ కంప్యూటర్‌కి నా బరువు ఎక్కువగానే కనబడుతోందమ్మా. నిన్న ఒక్క అరిసె తిన్నానంతే."

"నాలుగు తిన్నారని మీ ఆవిడ చెప్పింది మాస్టారూ" అంది నర్సు.

నేను అక్కడే నిలబడి గట్టిగా నవ్వాను. వాళ్లంతా నన్ను వింతగా చూశారు. సాయంత్రం వరకు ఒక్క మెషీన్ ఆగలేదు. వంతు వచ్చిన ప్రతి మనిషికీ డయాలిసిస్ పూర్తిగా జరిగింది.

పోర్ట్ బ్లెయిర్ సంగతి మర్నాడు తెలిసింది. దాని ప్రశ్నకి వండూర్ నుంచి జవాబు రాలేదు, కాబట్టి అది బుద్ధిగా ఆగిపోయింది. అది ఆగిన తర్వాత గాలికి అది ఉన్న గది కప్పు రేకు లేచిపోయి, నీళ్లు నేరుగా స్టోరేజీ మీద పడ్డాయి. ముందు అడిగే హక్కు దానిది. దానికే ఒప్పుకోలు వచ్చి ఉంటే, నీళ్లు పడే వేళకి రికార్డులన్నీ దాని చేతిలో ఉండేవి. చౌల్దారీ ఆగి ఉండేది.

దారి తెరిచాక నేనూ సుజాతా వండూర్ వెళ్లాం. ఎర్రయ్య గది తాళం మా ముందే తీశాడు. మెయిన్ దించే ఉంది.

"నానే దించినాను, నా సేత్తోనే. సముద్రం మీద కసమ్" అన్నాడు.

మెయిన్ ఎత్తాక పెట్టె లోపలి రికార్డు తీశాం. అతను దించిన వేళ నుంచి మేము ఎత్తిన వేళ వరకు అది ఆగి ఉన్నట్టే రాసుకుంది. చౌల్దారీకి జవాబు వచ్చింది సరిగ్గా ఆ మధ్యలో. జవాబు మీద సంతకం సరిపోయింది. వేరే యంత్రం ఆ పేరుతో జవాబిచ్చిందేమో అని ఒక్కొక్కటీ పరీక్షించి చూశాను. తాళం లేకుండా ఆ సంతకం రాదు. డిష్‌లకి కరెంటు ఆ గది నుంచే వెళ్తుంది, అంటే అవి కూడా ఆగి ఉన్నాయి. చౌల్దారీదీ వండూర్‌దీ గడియారాలు తేడాగా ఉన్నాయేమో అని సరిచూశాను, రెండూ ఒకటే చూపించాయి. ఆ తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లో తాత్కాలికంగా ఇంకో స్టోరేజీ పెట్టి, ఎన్నోసార్లు మెయిన్ దించి, తీగ తెంపి చూశాం. ప్రతిసారీ పుస్తకంలో చెప్పినట్టే రెండు స్టోరేజీలూ ఆగిపోయాయి. ఒక్కసారి కూడా జవాబు రాలేదు.

సుజాత వెళ్లేటప్పుడు పెట్టె ముందు ఒక కొబ్బరికాయ కొట్టింది. నేను కొట్టలేదు. వద్దని కూడా అనలేదు.

ట్రస్టు సమావేశంలో దాసుగారు నాకు శాలువా కప్పారు, కానీ పంపించెయ్యడానికి కాదు. రికార్డులు దీవిలోనే ఉంటాయని తీర్మానం చేశారు. పోర్ట్ బ్లెయిర్‌కి కొత్త స్టోరేజీ, వండూర్‌కి రెండు బ్యాటరీలు, ఒక సోలార్ పలక మంజూరు చేశారు. ఎర్రజెండా రోజున మెయిన్ దించినా మా పెట్టె ఆగకుండా, దానికి వేరే స్విచ్చి ఉండేలా తీగ లాగించాం. చప్పట్లు కొట్టారు. ఇంతమంది నాకు చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. నాకు చాలా బాగుందని దాచుకోకుండా చెబుతున్నాను.

చప్పట్లు ఆగాక దాసుగారు అడిగారు. "అంతా బాగుంది మేడమ్. మరి ఆ రోజు ఓటు వేసిందెవరు?"

"వండూర్."

"అది ఆగి ఉందని మీ నివేదికలో మీరే రాశారు కదా?"

"ఆగే ఉందండి. అది ఆగిందీ, ఓటు వచ్చిందీ, రెండూ సరిచూసే రాశాను."

ఆయన కాగితం తిరగేసి తర్వాతి అంశానికి వెళ్లారు. నేనూ కూర్చున్నాను. ఇంటికెళ్లి మళ్లీ మొదటినుంచి చూశాను, ఆ తర్వాతా చాలాసార్లు చూశాను. ఏ అంకె దగ్గరా తప్పు దొరకదు, మొత్తం మాత్రం కుదరదు. నా వయసులో కుదరని లెక్కను పక్కన పెట్టేయమని అందరూ అంటారు. నేను పెట్టలేదు. కానీ ఆ మధ్యాహ్నం చౌల్దారీలో ఒక్క మనిషిని కూడా మధ్యలో లేపలేదు. అది ఎలా జరిగిందో నాకు తెలియదు. జరిగిందని మాత్రం తెలుసు, అక్కడే ఉన్నాను, కళ్లజోడు పెట్టుకునే ఉన్నాను.